పాట బందు పెట్టిన మిద్దె

మొన్న దగ్గు పట్టుకుంటే మా కోడలు కరక్కాయ నూరి, ఇంత బెల్లం కలిపి, గోరువెచ్చని నీళ్లలో వేసి తెచ్చి ఇచ్చింది. గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకోగానే నా చెయ్యి ఆగిపోయింది. ముందు ఆ వగరు వాసన, దాని వెనకే బెల్లం వాసన. "తాగు మామా, అంత చేదేం ఉండదు" అంటోంది ఆ పిల్ల. చేదుకు కాదమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పాలంటే పోశవ్వ గురించి చెప్పాలి. పోశవ్వ గురించి చెప్పాలంటే నా గురించి కూడా చెప్పాలి, అదే కష్టం. గ్లాసు పక్కన పెట్టి, ఇదిగో, కాగితం ముందేసుకున్నాను.

మా కాలంలో ఆ నీళ్లు మనుషుల కంటే మిద్దెలే ఎక్కువ తాగేవి. సిమెంటు మా దాకా రాని రోజులు. దూలాల మీద ఇటుకలు పేర్చి, వాటి మీద సున్నమూ ఇటుక ముక్కలూ కలిపిన గచ్చు జానెడు మందాన పోసేవారు. పోసి వదిలేస్తే అది మిద్దె కాదు, వానకు కరిగిపోయే మట్టి. ఇరవై మంది ఆడవాళ్లు వరుసలు కట్టి కూర్చుని, పిడి ఉన్న చెక్కలతో దాన్ని పది రోజులు కొట్టాలి. కొడుతుంటే మధ్యమధ్య కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చిలకరించాలి. కందిరీగలు ముసురుకునేవి. చేతులు పగిలి ఆ పగుళ్లలోకి సున్నం దిగేది. మీరు ఇప్పటికీ పాత పట్నంలో ఏ నున్నటి మిద్దె మీదైనా పడుకుని చల్లగా ఉందనుకుంటే, ఆ చల్లదనం వాళ్ల చేతులది.

అలాంటి ఒక గుంపుకు నన్ను దరోగాను చేశారు, అంటే కూలీల మీద పెద్దను. నాకు పందొమ్మిదేళ్లు. మా జహనుమా బస్తీలో మాకు నాలుగు బర్రెలుండేవి. బాపు పోయాక రెండు మిగిలాయి. బర్రెల కింద కూర్చోవడం తప్ప నాకు వచ్చిందల్లా ఉర్దూ చదవడం, గుండ్రంగా రాయడం. బేగంబజార్ నుంచి వచ్చే గుత్తేదారు రాజలింగం సేఠ్‌కు ఆ రాత నచ్చింది. బహదూర్‌పురా దిక్కున ఒక నవాబు పాత భవంతి, దేవిడి మీద కొత్త అంతస్తు లేపుతున్నాడాయన. అంతకుముందున్న దరోగా ఏదో లొల్లి పెట్టుకుని వెళ్లిపోయాడు. సేఠ్ నా చేతికి ఒక నల్ల గొడుగు, ఒక సీటీ, అంటే ఈల, ఇచ్చాడు.

"ఏం జెయ్యాల్నో చెప్పు సేఠ్" అన్నాను.

"ఏముంటదిరా చెప్పేటందుకు? కొట్టేది వాళ్లు. కూసుంటే సీటీ ఊదు. నెలాఖరుకు మిద్దె కావాలె" అని టాంగా ఎక్కి పోయాడు. నాకు దొరికిన చదువంతా అంతే.

మొదటి వారం నేను చేయని తెలివితక్కువ పని లేదు. ఎండ మండుతుంటే నీళ్లు ఎక్కువ పోయించి గచ్చును బురద చేశాను. ఒకే చోట గంటసేపు కొట్టించి పలుచన చేశాను. అలిసిన వాళ్లను కొట్టమని, అలవని వాళ్లను నీళ్లకు పొమ్మని అరిచాను. తాపీ మేస్త్రిని అడిగితే, "నువ్వే దరోగావు గద భాయ్, నన్నడుగుతవేంది?" అని బీడీ ముట్టించుకున్నాడు. అరిచి అరిచి నా గొంతు పోయింది. ఎవరూ తిరగబడలేదు, తిరగబడితే బాగుండేది. తలలూపేవారు, వాళ్ల పద్ధతిలో వాళ్లు కొట్టేవారు. ఆరో రోజు సున్నపు గుట్ట వెనక కూర్చుని ఏడ్చాను, సిగ్గెందుకు. అక్కడికి గంప కోసం వచ్చింది పోశవ్వ.

నలభై దాటిన మనిషి. ఎండిన చింతమొద్దులా గట్టిగా ఉండేది. ముందు వరుసలో మధ్యన కూర్చుని పాట అందుకునేది ఆమె. నన్ను చూసి నవ్వలేదు, జాలి కూడా పడలేదు. గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?"

"నాకీ పని రాదవ్వా."

"గదైతే మాకు మొదటి దినమే ఎరుక" అంది. "చెప్పులిడువు. గొడుగు మూలకు పెట్టు. మిద్దె మీద ఉత్త కాళ్లతోని నిలబడు. గచ్చు పండితే అరికాలికి ఎరుకైతది, చెవికి ఎరుకైతది. పండిన కాడ కంచం మీద కొట్టినట్లు మోగుతది. పండని కాడ బొదబొద అంటది. గంతే పని. ఇంకేం లేదు."

అంతే పని అంది కానీ, అది నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. నిజానికి ఆ గుంపుకు దరోగా ఆమె పాటే అని ఆ తర్వాత మూడో రోజుకు నాకు అర్థమైంది. ఆమె ఒక చరణం వదిలితే పక్కన కూర్చున్న ఆమె చెల్లెలు ఎల్లవ్వ అందుకునేది, తర్వాత ఇరవై గొంతులు. చెక్కలు పాటకు తగ్గట్టు పడేవి. ఏ చెయ్యి ముందూ కాదు, వెనకా కాదు. మధ్యలో పోశవ్వ చెవి ఎక్కడో తేడా పట్టేది. పట్టగానే పాటలోనే చెప్పేది. "తూర్పు మూల దప్పికాయె, నీళ్ల కుండ ఏడబాయె" అంటే నీళ్లు పోసే మనిషి అటు ఉరికేది. "రాజమ్మ చెయ్యి బరువాయె" అంటే రాజమ్మ లేచి నడుం చాపుకునేది. పాట నెమ్మదిస్తే అందరూ ఆపి వినేవారు, ఆమె చెయ్యి పెట్టి చూసిన తరువాతే మళ్లీ కొట్టేవారు. నన్ను మాత్రం పదిమందిలో తక్కువ చేయలేదు. మేస్త్రి ఏదైనా అడిగితే, "దరోగా సాబ్ చెప్పిండు, రేపు పడమటి దిక్కు కొడ్తం" అనేది. ఆ సంగతి దరోగా సాబ్‌కు కూడా అప్పుడే తెలిసేది.

వాళ్లు నన్ను ఏడిపించేవారు కూడా. ఒకరోజు ఎల్లవ్వ కొత్త చరణం కట్టింది. "గొడుగు నీడ పెద్దగాయె, దరోగ మీసం చిన్నగాయె" అని. మిద్దె అంతా నవ్వు. నేనూ నవ్వాను. ఎల్లవ్వ నోరు అలాంటిది, తన మొగుణ్ని, తన అత్తను, చివరికి తన పుండ్లు పడ్డ చేతులను కూడా పాటలో పెట్టేది. మధ్యాహ్నం అన్నం తెచ్చే తన కూతురు లచ్చి మీద కూడా రోజుకో చరణం కట్టేది. ఆ పిల్ల మెట్ల మీది నుంచే జవాబు పాడుకుంటూ పైకి వచ్చేది.

ఆ చరణం రాజలింగం సేఠ్ చెవిన పడడం నా ఖర్మ. నెలాఖరు దగ్గరపడిందని చూడ్డానికి వచ్చాడు. మెట్ల మీద సగంలో నిలబడి మొత్తం విన్నాడు. పైకొచ్చి అందరి ముందూ కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏం రా యాదగిరీ, నీ మీదనే పాటలు గడ్తున్నరు? దరోగావా, తమాషావా? నీకన్న ఆ గొడుగే నయం, ఎండకన్న పనికొస్తది." కిందికి దిగుతూ, "శుక్రారం దాక సూస్త. గప్పటికి మిద్దె గాకపోతే బర్రెల కాడికే పో" అన్నాడు.

మా అమ్మ ముఖం, మిగిలిన రెండు బర్రెలు, నేను దరోగానని చెప్పుకున్న మా వాడకట్టు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. కోపం ఎవరి మీద రావాలో వాళ్ల మీద రాదు కదా. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని, గొడుగు పట్టుకుని మిద్దెక్కి, "ఇయ్యాల్టి నుంచి పాట బందు. సీటీ ఊదితే కొట్టాలె, ఊదితే ఆపాలె" అన్నాను.

పోశవ్వ లేచి నా దగ్గరికి వచ్చి, మిగతావాళ్లకు వినపడకుండా అంది. "నీ మీద పాట వద్దంటే వద్దు, ఎల్లిని నేను కోప్పడ్త. పాట మొత్తం బందు పెట్టకు బిడ్డా. మాకు పాట ఖుషీకి గాదు. పాట లేకుంటే చేతులు ఆగమైతయి."

"నేను దరోగానా, నువ్వు దరోగావా?" అన్నాను.

ఈ మాట నా నోటి నుంచే వచ్చింది. సున్నపు గుట్ట వెనక ఏడ్చిన నోరే అది. పోశవ్వ వెళ్లి తన చోట కూర్చుంది.

రెండు రోజులు సీటీ మీద నడిచింది పని. తపతపా పడుతున్న చెక్కల చప్పుడు తప్ప మిద్దె మీద మనిషి గొంతు లేదు. నాకది క్రమశిక్షణలా వినిపించింది, నా మొహం మీద మన్నుబోయ. మూడో రోజు గురువారం. దక్షిణపు మూలకు వచ్చారు. ఆ మూల కింద ఉన్నది పాత దూలం. ఎక్కడో కూలిన ఇంటి నుంచి సేఠ్ తెప్పించాడు. గోడలోకి వెళ్లిన దాని కొస చెదలు తిని పిండైపోయిందని నాకు తెలియదు. దూలాల కొసలు చూడాలని కూడా తెలియదు. పోశవ్వకూ తెలియదు, కానీ ఆమె చెవికి తెలిసింది. చెక్క ఆపి చెయ్యెత్తింది.

"దరోగా, గీ మూల సప్పుడు బాగలేదు. గచ్చు పండనిది గాదు, ఇంకేదో ఉన్నది. జర కిందికి పోయి దూలం సూడు."

పాట ఉండి ఉంటే ఆమె నన్ను అడగనే అడగదు. పాట నెమ్మదించేది, ఇరవై చేతులూ ఆగేవి. ఇప్పుడు ఆపే అధికారం సీటీది. మిగతా ఆడవాళ్లు నా వైపు చూశారు. వాళ్ల చూపులో నాకు ఆ చరణమే వినిపించింది. మళ్లీ నన్ను దింపడానికే ఈ ఎత్తు అనుకున్నాను. "రేపు శుక్రారం. సూసుడు గీసుడు ఏం లేదు" అన్నాను. ఆ లోపల ఎల్లవ్వ, "నేను చెవి పెట్టి ఇంట అక్కా" అని ఆ మూలకు జరిగి, బోర్లా పడుకుని, చెవి గచ్చుకు ఆనించింది.

నేను సీటీ ఊదాను.

ఊదినప్పుడు ఆమె అక్కడ పడుకుని ఉండడం చూశాను. ఇన్నేళ్లలో ఈ వాక్యం నేను ఎక్కడా రాయలేదు. చూసే ఊదాను, ఆమె లేస్తుందిలే అనుకుని. రెండు రోజుల్లో సీటీకి అలవాటుపడ్డ చేతులు ఒక్కసారి లేచి పడ్డాయి. మూల విరిగింది. ముగ్గురు ఆడవాళ్లు, అంత గచ్చు, ఇటుకలు, ఆ దూలం అన్నీ కలిసి కిందికి పోయాయి. ఇద్దరికి కాళ్లు విరిగాయి. ఎల్లవ్వను తీసేసరికి ప్రాణం లేదు. జుట్టంతా సున్నం పట్టి ముసలిదానిలా ఉంది, ముప్పై నిండలేదు ఆమెకు.

పోలీసు అమీన్ సాబ్ వచ్చేలోపు సేఠ్ వచ్చాడు. నన్ను గోడ చాటుకు లాక్కెళ్లాడు. "దూలం ముచ్చట ఎత్తకు. దూలం అంటే నేను పోత. నేను పోతే నిన్ను ఇడిసిపెట్టి పోత అనుకున్నవా? ఆడోళ్లు పాటలు పాడుకుంట, ఎగురుకుంట కొట్టిన్రు, దరోగా వద్దన్నా ఇనలేదు. గట్ల రాయి. నీ రాత మంచిగుంటది గద." నేను రాశాను. ఉర్దూలో గుండ్రంగా రాసి సంతకం పెట్టాను. అమీన్ దాన్ని పైకి చదివాడు. చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పోశవ్వకు ఉర్దూ చదవడం రాదు కానీ వినడం వచ్చు. తలెత్తి నన్ను చూసి, ఒక్క మాట అడిగింది.

"పాడుకుంట కొట్టినమా, దరోగా?"

నేను నేల చూశాను. ఆ రోజు తర్వాత ఆమె నన్ను బిడ్డా అనలేదు.

ఆ కాగితం బస్తీలోకి నడిచి వెళ్లింది. పాటలు పాడుతూ, ఎగురుతూ పడి చచ్చిందట అన్నారు. ఎల్లవ్వ మొగుడు చావు దగ్గర కూడా తలెత్తలేదు. తర్వాత లచ్చి ఇంట్లో కూనిరాగం తీస్తే చాలు, "నీ అమ్మ పాటకే పోయింది, నోరు దెరిస్తే సంపుత" అని కొట్టేవాడట. ఆ పిల్ల నోరు మూసుకుంది.

పదకొండో రోజున పోశవ్వ గుంపు తిరిగి అదే మిద్దెకు వచ్చింది. వేరే పని ఎక్కడుంది వాళ్లకు? సేఠ్ కొత్త దూలం వేయించాడు, నన్ను ఉంచాడు. రాసిచ్చినవాణ్ని ఎలా పంపుతాడు? చెక్కలు చేతబట్టి కూర్చున్నారు, పాడలేదు. నేను సీటీ తీయలేదు. చెక్కలు పడడం లేదు. చివరికి, "పాడుండ్రి అవ్వా" అన్నాను.

"నువ్వు పాడమంటే పాడాలె, వద్దంటే మానాలె. గంతేనా?" అంది పోశవ్వ. తర్వాత లేచి నా చెప్పులవైపు చూసింది. విడిచాను. ఆ మూలకు తీసుకెళ్లి, నన్ను కూర్చోబెట్టి, చెక్క నా చేతికిచ్చింది. జానెడు జానెడుగా కొట్టించింది. "గిది ఎట్లున్నది? గది?" తప్పు చెబితే మళ్లీ కొట్టించింది. అరచేతులు పగిలాయి. దూలాల కొసలు గోడలోకి వెళ్లేచోట గోరుతో గీకి చూడడం, కింద నిలబడి పైవాళ్ల చేత కొట్టిస్తూ వినడం, వానాకాలం గచ్చుకూ ఎండాకాలం గచ్చుకూ తేడా, అన్నీ చెప్పింది. నాలుగు రోజులు అలాగే. నాకు ఆశ పుట్టింది. నాలుగో రోజు, "అవ్వా, నన్ను మాఫ్ చేసినవా?" అని అడిగాను.

ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "మాఫా? నా చెల్లె ఏమన్న నీ గొడుగా, ఇరిగితే మాఫ్ జెయ్యనీకె? నిన్ను మాఫ్ జేసి చెప్తలేను. రేపు ఇంకో మిద్దె మీద నువ్వే ఉంటవు. గా మిద్దె మీద గూడ ఆడోళ్లుంటరు. గందుకు చెప్తున్న" అంది. చెప్పి మళ్లీ పనిలో పడింది.

అప్పటి నుంచి పదేళ్లు నేను కట్టించిన ఏ మిద్దె మీదా ఎవరూ పడలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. సేఠ్‌ను వదిలి సొంతంగా పనులు పట్టాను. ప్రతి పనికీ పోశవ్వనే పిలిచాను, ఆమె వచ్చేది. పిలిచినందుకు కాదు, నా మీద ఒక కన్నేసి ఉంచడానికి వచ్చేదని నా నమ్మకం. దూలం కొస చూడకుండా నేను ఒక్కసారి మిద్దెక్కబోతే, నలుగురిలో నా భుజం పట్టి కిందికి దింపింది. లచ్చి పెద్దదై అదే గుంపులో చేరింది. ఇరవై మంది పాడుతుంటే ఆ పిల్ల పెదవులు బిగించి కొట్టేది. కొత్తగా చేరిన ఆడవాళ్లు మూగదనుకునేవారు. నేను ఆ వరుస వైపు చూసేవాణ్ని కాదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది, జహనుమాలోనే ఒక పని. పోశవ్వకు చూపు తగ్గింది, కొట్టలేకపోతోంది, ఊరికే కూర్చుని పాట వదిలేది. ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక నన్ను పిలిచింది.

"నేను ఇంక ఎన్నో దినాలు ఉండ. లచ్చికి నేను వందసార్లు చెప్పిన, మీ అమ్మ పాడలేదే అని. అక్కను గాబట్టి ఎనకేసుకొస్తున్న అనుకుంటది. కాయితం మీద ఇంకో తీరు ఉన్నదాయె. సంతకం జేసినోడు చెప్పాలె."

"చెప్త అవ్వా. పండగ పోయినంక ఒకనాడు..."

"ఇప్పుడు" అంది. "గీడనే. అందరి ముందట."

నాకు అప్పటికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, నన్ను మేస్త్రి సాబ్ అని పిలిచే మనుషులు యాభై మంది. మిద్దె మధ్యలో నిలబడి చెప్పాను. పాట నేనే బందు పెట్టించానని, మూల బాగలేదని పోశవ్వ చెప్పినా వినలేదని, ఎల్లవ్వ చెవి ఆనించి వింటుంటే చూస్తూ సీటీ ఊదానని, కాగితం మీద అబద్ధం రాసింది ఈ చెయ్యేనని. ఎవరి చేతిలోనో కంచం కింద పడింది. లచ్చి అన్నం మూట కట్టుకుంటోంది. కట్టడం పూర్తిచేసే దాకా తలెత్తలేదు. తిడుతుందనుకున్నాను, చెక్క తీసుకుని కొట్టినా బాగుండు అనుకున్నాను. ఆమె పెద్దమ్మ వైపు తిరిగింది. ఆ గొంతు అంతమందిలో అంత గట్టిగా నేను వినడం అదే మొదలు.

"పదేండ్ల సంది నేను మా అమ్మను తిట్టుకుంటున్న పెద్దమ్మా. రోజూ తిట్టుకుంటున్న. నోరు మూసుకొని పని జేసుకుంటే నాకు బతికి ఉందువు గదనే, పాటెందుకు పాడినవే అని."

పోశవ్వ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ లేచి మెట్లు దిగి వెళ్లిపోయారు. మర్నాడు పోశవ్వ ఒక్కతే వచ్చింది. లచ్చి ఆ తర్వాత ఏ మిద్దె మీదా నాకు కనపడలేదు. వానాకాలం దాటకుండానే పోశవ్వ పోయింది. పాడె దగ్గర లచ్చి ఉంది, నన్ను చూసి ముఖం తిప్పుకుంది. అది న్యాయమే.

పోశవ్వ నాకు పని నేర్పిందని అందరికీ చెబుతాను, అది నిజమే. కానీ చూపు పోతున్న రోజుల్లో ఆమె నా చేత చేయించింది పని కాదు. ఎవరికి చేరాల్సినవి వాళ్లకు చేర్చింది. పాడని పాటకు ఒక చిన్నపిల్ల చచ్చిపోయిన తన తల్లిని పదేళ్లు తిట్టింది. ఆ తిట్లన్నీ నావి. మనవలు పక్కన ఆడుకుంటున్నప్పుడు, అన్నం ముందు కూర్చున్నప్పుడు, అవి ఒక్కొక్కటే వస్తుంటాయి. రానిస్తాను.